నాలుగు కప్పుల్లో మూడే గ్రీజు కక్కుతున్నాయి

ప్రశ్న: మాది ములుగు జిల్లాలో తాడ్వాయి దగ్గరి ఊరు. మా నాన్న కొన్న పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ఉంది, పదిహేడేళ్ల బండి. మిర్చి, పత్తి ఎనుమాముల మార్కెట్‌కు దాని మీదే తోలుతాం. వానాకాలంలో చేను దాకా పోవాలంటే రెండు చోట్ల వాగులో దిగాలి. నెల రోజుల నుంచి బండి కదిలేటప్పుడు కింద 'టక్కు'మంటోంది. మెల్లగా పోతుంటే పిట్ట అరిచినట్టు 'కీచు కీచు' అని వినిపిస్తోంది. గ్రీజు గన్ కొని నేనే బండి కిందికి దూరాను. వెనక షాఫ్ట్ క్రాస్‌లో మూడు కప్పుల నుంచి గ్రీజు వచ్చింది, నాలుగోదాని నుంచి రాలేదు. ఒక మెకానిక్ "ఏం గాదు, నడుపు" అన్నాడు. ఇంకొకాయన "నిప్పల్ లేని క్రాస్‌లు వేయించుకో, గ్రీజు గోలే ఉండదు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఏ గ్రీజు, ఎంత, ఎన్ని కిలోమీటర్లకు కొట్టాలి అన్నా?

జవాబు:

తమ్ముడూ, గ్రీజు గన్ చేతిలో పట్టుకున్నవాళ్లు నన్ను అడిగేది ఒక్కటే, ఎన్ని దెబ్బలు కొట్టాలని. నువ్వు దెబ్బలు కాదు, కప్పులు లెక్కపెట్టావు. ముప్పై ఏళ్లు బండ్ల కింద పడుకున్నవాడిగా చెబుతున్నా, ఆ పని చేసేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా ఉండరు. కాబట్టి మొదటి మెకానిక్ మాట పక్కన పెట్టు. నాలుగో కప్పు నుంచి గ్రీజు రాలేదంటే ఏదో అయ్యే ఉంది.

ఏమైందో తెలియాలంటే క్రాస్ లోపల గ్రీజు పోయే దారి తెలియాలి. ఇంజిన్ బలాన్ని గేర్ బాక్స్ నుంచి ఇరుసుకు మోసేది షాఫ్ట్. దాని కొసల్లో వంగే జాయింట్ ఉంటుంది, ఆ జాయింట్ నడుమ ఉండే నాలుగు చేతుల ఇనుప ముక్కే క్రాస్. ఒక్కో చేతి మీద ఒక్కో కప్పు, కప్పు లోపల చుట్టూ సూదుల్లాంటి సన్నటి రోలర్లు. గన్ తగిలించే చిన్న మూతిని నిప్పల్ అంటారు. అందులోకి పోయిన గ్రీజు ముందు క్రాస్ నడిమధ్యకు చేరుతుంది. అక్కడి నుంచి చేతుల్లో తొలిచిన సన్నటి రంధ్రాల గుండా కొస దాకా పోయి, రోలర్ల మధ్య నుంచి వెనక్కి తిరిగి, కప్పు అంచున ఉన్న రబ్బరు సీల్‌ను తోసుకుని బయటపడుతుంది. అలా బయటపడితేనే ఆ చేతికి గ్రీజు అందినట్టు. చిక్కేమిటంటే నాలుగు దారులకూ మొదలు ఒక్కటే. ఎటు సులువుగా ఉంటే గ్రీజు అటే పోతుంది, మడిలో నీళ్లు పల్లానికి పోయినట్టు. మూడు కప్పులు వదులుగా ఉండి నాలుగోది బిగుసుకుపోయి ఉంటే, నువ్వు వంద దెబ్బలు కొట్టినా ఆ మూడింటి నుంచే కారుతుంది. బయటికి షాఫ్ట్ అంతా గ్రీజు మయం, లోపల ఒక చెయ్యి మాత్రం ఎండు.

ఆ రోలర్లు చక్రం బేరింగ్‌లో లాగా గుండ్రంగా తిరగవు. షాఫ్ట్ చుట్టు తిరుగుతుంటే అవి కొన్ని డిగ్రీలు అటూ ఇటూ ఊగుతాయి, అంతే. అంటే ఏళ్ల తరబడి ఒకే చోట రుద్దుకుంటూ ఉంటాయి. పక్కనున్న గ్రీజు వాటంతట అవి లాక్కోలేవు, మనం తోయాల్సిందే. తోయకపోతే ఉన్న కాస్తా ఎండిపోతుంది, తడి చేరుతుంది, చేతి మీద సూదుల అచ్చు పడుతుంది. నీకు వినిపించే 'కీచు కీచు' అదే. వేగం పెంచితే ఆ చప్పుడు కూడా జోరెత్తి, ఇంజిన్ మోతలో కలిసిపోయి వినిపించదు. అందుకే చాలామంది తగ్గిపోయిందని అనుకుంటారు.

ఇప్పుడు నాలుగో కప్పు సంగతి. బండి కిందికి పోయే ముందు మాత్రం నేను చెప్పే జాగ్రత్తలు చాదస్తం అనుకోకు. చదునైన నేల చూసుకో. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు. ఇంజిన్ ఆపి తాళం చెవి నీ జేబులో వేసుకో, డ్యాష్‌బోర్డు మీద కాదు. నిప్పల్ పైకి తిరిగి ఉండి గన్ అందకపోతే బయటికి వచ్చి, రాళ్లు తీసి, బండిని జానెడు ముందుకు తోసి, మళ్లీ రాళ్లు పెట్టు. కొందరు వెనక చక్రం ఒకటి జాకీతో లేపి, షాఫ్ట్ చేత్తో తిప్పుతారు. ఒక్క చక్రం గాలిలో ఉంటే నేల మీదున్న రెండో చక్రాన్ని గేర్ ఆపలేదు, రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ (ఇరుసు నడుమ ఉండే పళ్ల పెట్టె) వదిలేస్తుంది. ఇంకోటి, కొన్ని పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు, గేర్ బాక్స్ వెనక షాఫ్ట్ మొదట్లో డ్రమ్ము ఉంటుంది. అలాంటి బండికి చక్రం లేపినా, షాఫ్ట్ విప్పినా హ్యాండ్ బ్రేక్ పేరుకే. అప్పుడు నిన్ను కాపాడేవి ఆ రాళ్లే.

పాత గుడ్డతో ముందు నిప్పల్ తుడువు. తుడవకుండా గన్ తగిలిస్తే గ్రీజు కంటే ముందు ఇసుక లోపలికి పోతుంది. నిప్పల్ నోట్లో చిన్న బంతి, దాని వెనక స్ప్రింగ్ ఉంటాయి. సన్నటి మేకుతో నొక్కితే బంతి లోపలికి పోయి మళ్లీ రావాలి. రాకపోతే నిప్పల్ మార్చెయ్. చాయ్ డబ్బులతో పోయేదానికి సుత్తితో కుస్తీ ఎందుకు? పాతది విప్పి షాపుకు పట్టుకుపో, మర సరిపోయేది, అంతే వంపున్నది అడుగు. మర కలవని నిప్పల్‌ను బలవంతంగా తిప్పితే క్రాస్ మరే చెడిపోతుంది.

తర్వాత బిగుసుకున్న కప్పు మీద నుంచి బరువు తీసెయ్. యోక్‌కూ (క్రాస్ కప్పులను పట్టుకునే రెండు చెవుల ఇనుప కొస) క్రాస్‌కూ మధ్య గునపం లాంటి కడ్డీ పెట్టి, ఆ కప్పు వైపు వెంట్రుక వాసి సందు వచ్చేలా ఒత్తి పట్టుకుని, ఇంకొకరిని మెల్లగా గన్ కొట్టమను. రాకపోతే బండిని కాస్త తోసి, జాయింట్ కోణం మారాక మళ్లీ కొట్టు. చెక్క సుత్తితో కప్పు మీద రెండు దెబ్బలు వేస్తే ఒక్కోసారి గడ్డ కట్టిన పాత గ్రీజు కదులుతుంది. కొంత దూరం నడిపి వచ్చి జాయింట్ వెచ్చగా ఉన్నప్పుడు కొడితే ఇంకా సులువు. ఇన్ని చేసినా రాలేదా, ఇక గన్ పక్కన పెట్టు. అది గ్రీజుతో తీరే జబ్బు కాదు, విప్పి చూడాలి.

వస్తే మాత్రం మొదట ఏం వచ్చిందో వేలికి రాసుకుని చూడు. నల్లగా, మెత్తగా వస్తే పాత గ్రీజు, భయం లేదు. పాలు కలిసిన చాయ్ రంగులో వస్తే లోపల నీళ్లున్నాయి. కొత్త గ్రీజు రంగు తేలేదాకా కొట్టు, వారం తర్వాత మళ్లీ కొట్టు, బతుకుతుంది. ఇటుక పొడి లాగా ఎర్రగా, గరుకుగా వస్తే ఆ చెయ్యి తుప్పు పట్టి అరిగింది. ఇంకెంత గ్రీజు పోసినా అరిగిన ఇనుము తిరిగి రాదు. విప్పినప్పుడు చేతి మీద గోరు గీసి చూడు. గోరు గాట్లలో తట్టుకుంటే ఆ క్రాస్ పని అయిపోయింది.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, క్రాస్ విరిగితే బండి ఆగిపోవడంతో అయిపోదు. ఒక మేడారం జాతరప్పుడు రాత్రి పస్రా దాటాక ఒక పికప్ దగ్గరికి నన్ను పిలిచారు. వెనక మనుషులు కిక్కిరిసి ఉన్నారు. షాఫ్ట్ ముందు వైపు క్రాస్ విరిగింది. ఊడిన కొస కిందపడి రోడ్డును దున్నుకుంటూ వచ్చింది. జాతర రద్దీలో బండి నత్తలా కదులుతోంది కాబట్టి సరిపోయింది. అదే వేగంలో ఉంటే ఆ కొస రోడ్డు గుంటలో గుచ్చుకుని బండిని ఎగరేసేది. వారం రోజులుగా కీచుమంటోందని, తిరిగొచ్చాక చూద్దామనుకున్నామని డ్రైవర్ అన్నాడు. కాబట్టి మీ పికప్‌లో 'టక్కు'తో పాటు ఒక వేగం దగ్గర వణుకు కూడా మొదలైతే మిర్చి బస్తాలు ఎక్కించకు.

ఇక 'టక్కు' సంగతి. దానికి క్రాస్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, రాళ్లు అలాగే ఉంచి, కిందికి పోయి షాఫ్ట్‌ను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ మెలిపెట్టు. ఒక చెయ్యి యోక్ మీద, ఇంకో చెయ్యి షాఫ్ట్ మీద పెడితే ఆట ఎక్కడుందో వేళ్లకే తెలుస్తుంది. క్రాస్‌లో ఆట కనిపించిందంటే అది పోయినట్టే. మంచి క్రాస్‌లో కంటికి కనిపించే ఆట ఉండదు. షాఫ్ట్ మొత్తం కలిసి కాస్త తిరిగి డిఫరెన్షియల్ దగ్గర తట్టుకుంటే అది లోపలి పళ్ల సందు. పదిహేడేళ్ల బండికి కొంత ఉంటుంది, దానికి టెన్షన్ పడకు. ఈ రెండూ కాకుండా, బ్రేక్ వేసి ఆగిన క్షణానికో, ఆగి మళ్లీ కదిలేటప్పుడో వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఒక్క దెబ్బ వినిపిస్తే స్లిప్ జాయింట్ ఎండిపోయింది.

స్లిప్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తక్కువ కొట్టి క్రాస్‌ను చెడగొట్టే మనవాళ్లే ఎక్కువ కొట్టి స్లిప్‌ను చెడగొడతారు. బండి గుంటలో దిగి లేచినప్పుడల్లా వెనక ఇరుసుకూ బాక్స్‌కూ మధ్య దూరం మారుతుంది. దానికి తగ్గట్టు షాఫ్ట్ పొడవు మారాలి. ఒక గొట్టంలో ఇంకో కడ్డీ పళ్ల మీద జారుతూ ఆ పని చేస్తుంది. అందులోనూ ఒక నిప్పల్ ఉంటుంది. ఇక్కడ గ్రీజు బయటికి తేలేదాకా కొట్టడమనే క్రాస్ సూత్రం గుడ్డిగా పనికిరాదు. గొట్టం లోపల ఖాళీ అంతా గ్రీజుతో నిండితే కడ్డీ లోపలికి జారడానికి చోటుండదు. గ్రీజు నీళ్ల లాగానే, అదిమితే కుంచించుకుపోదు. అప్పుడు బండి బరువుతో గుంటలో దిగిందనుకో, షాఫ్ట్ గట్టి దూలం లాగా మారి ఆ పోటంతా బాక్స్ బేరింగ్ మీదా డిఫరెన్షియల్ మీదా పడుతుంది. లేదంటే గొట్టం కొసన ఉన్న రేకు బిళ్ల ఊడి గ్రీజంతా బయటపడుతుంది. గన్ కొడుతుంటే షాఫ్ట్ తనంతట తానే సాగడం ఎప్పుడైనా చూశావా? చూస్తే వెంటనే ఆపు.

అందుకే బండి తన నాలుగు చక్రాల మీదే నిలబడి ఉన్నప్పుడు స్లిప్‌కు గ్రీజు కొట్టాలి. ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపి ఇరుసు వేలాడుతుంటే షాఫ్ట్ సాగి ఉంటుంది, లోపల ఖాళీ ఎక్కువై గ్రీజు ఎక్కువ పడుతుంది. కొన్ని షాఫ్ట్‌లకు కొస బిళ్లలో చిన్న గాలి రంధ్రం ఉంటుంది. మెల్లగా కొడుతూ అక్కడ గ్రీజు కనిపించగానే చిన్న రబ్బరు ముక్కతో దాన్ని మూసి, ఇంకొద్దిగా కొడితే రెండో కొసన సీల్ దగ్గర తేలుతుంది. అక్కడితో చాలు. రంధ్రం లేనిదైతే సీల్ దగ్గర సన్నటి ఉంగరం లాగా గ్రీజు కనబడగానే ఆపెయ్. నేనైతే గ్రీజు కనబడకపోయినా నాలుగైదు దెబ్బలకు ఆపి, రెండు రోజులు తిప్పి, మళ్లీ చూస్తాను. స్లిప్ బాగా ఎండిపోయిందని తేలితే గన్‌తో సరిపెట్టకు. ఒకసారి విప్పి, పళ్లు కిరసనాయిల్‌తోనో డీజిల్‌తోనో కడిగి, కొత్త గ్రీజు చేత్తో పూసి బిగించడమే మేలు.

విప్పేటప్పుడు ఒక్క పని మరిచిపోకు. రెండు ముక్కల మీదా ఒకే వరసలో తెల్ల పెయింట్ గీత గీయి. క్రాస్ జాయింట్‌కు ఒక గుణం ఉంది. వంపులో తిరిగేటప్పుడు అది సమానంగా తిప్పదు, చుట్టుకు రెండుసార్లు కాస్త వేగం, రెండుసార్లు కాస్త నిదానం చేస్తుంది. రెండో కొసన ఉన్న జాయింట్ దానికి ఎదురు చేసి సరిచేస్తుంది. అలా జరగాలంటే రెండు కొసల యోక్‌లు ఒకే వరసలో ఉండాలి. తిరిగి దూర్చేటప్పుడు ఒక్క పన్ను అటో ఇటో అయినా బండి వణుకుతుంది. అప్పుడు మనం చక్రాల బ్యాలెన్సింగ్ అని, టైర్లు అని డబ్బులు తగలేస్తాం. మా గ్యారేజీకి ఇలాంటి బండ్లు ఎన్ని వచ్చాయో. గీత గీసి ఉంటే పది నిమిషాల పని.

గ్రీజు డబ్బా మీద మూడు మాటలు చూసుకో: లిథియం, ఈపీ (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునేదని), 2. ఆ 2 చిక్కదనం నంబరు. 000 నుంచి 6 దాకా ఉంటాయి, నంబరు పెరిగేకొద్దీ గట్టిది. షాపులో గ్రీజు అడిగితే ఎక్కువగా ఏపీ3 అనే మూడో నంబరు గ్రీజు చేతిలో పెడతారు. చెడ్డదేం కాదు, చక్రాల బేరింగ్‌లకు అదే మంచిది. కానీ అది కాస్త గట్టిది, చలికాలం పొద్దున క్రాస్ లోపలి సన్నటి దారుల్లో కొస దాకా పోవడానికి మొరాయిస్తుంది. ఈపీ2 దొరికితే అదే తీసుకో. దొరక్కపోతే ఏపీ3 కొట్టు, ఏదీ కొట్టకపోవడం కంటే వెయ్యి రెట్లు నయం. మాలీ (మాలిబ్డినం పొడి) కలిసిన నల్ల గ్రీజు స్లిప్ పళ్లకు బాగా పనికొస్తుంది. చవకగా దొరికే ఛాసిస్ గ్రీజు మాత్రం కమాన్ పట్టీల పిన్నులకు వాడుకో, క్రాస్‌లో వద్దు. రంగు చూసి మోసపోకు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నీ కంపెనీ కలిపే రంగులే. గ్రీజులో నూనెను చిక్కబరిచేదాన్ని సబ్బు అంటారు, లిథియం దానిలో ఒక రకం. లిథియం గ్రీజున్న చోట ఇంకో రకం సబ్బుతో చేసినది కొడితే రెండూ కలిసి నీళ్లలా జారిపోవచ్చు, గడ్డ కట్టనూ వచ్చు. ఒక రకం మొదలుపెడితే దాన్నే పట్టుకో.

డబ్బా మూత గురించి కూడా చెబుతా. కల్లం దగ్గరా, పత్తి ఏరే చోటా మూత తీసిన గ్రీజు డబ్బా చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందులో పడ్డ దుమ్ము గన్‌తో నేరుగా రోలర్ల మధ్యకే పోతుంది. గన్ నింపాక మొదటి రెండు మూడు దెబ్బలు కాగితం మీద కొట్టు. లోపల గాలి బుడగ ఉంటే అక్కడే పోతుంది. లేదంటే గన్ ఆడుతుంది, గ్రీజు పోదు, పోయిందని మనం అనుకుంటాం.

ఎన్ని కిలోమీటర్లకు అని అడిగావు. బండితో వచ్చిన పుస్తకం ఉంటే ముందు దాన్ని చూడు. లేకపోతే మట్టి బాటల్లో బరువు మోసే బండికి నేను చెప్పేది 5,000 కిలోమీటర్లు లేదా మూడు నెలలు, ఏది ముందొస్తే అది. కానీ నీ లాంటి వాడికి ఆ లెక్క సగమే పనికొస్తుంది. నీ లెక్క కిలోమీటర్లతో కాదు, వాగుతో. నడిచి నడిచి వేడెక్కిన జాయింట్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీలోకి సీల్ పక్క నుంచి నీళ్లు లాక్కుంటుంది. నువ్వు దాటింది రెండు నిమిషాలే కావచ్చు, లోపలికి పోయిన నీళ్లు మాత్రం ఎండాకాలం దాకా అక్కడే ఉంటాయి. అందుకే షాఫ్ట్ మునిగేంత లోతులో వాగు దాటిన రోజు ఇంటికి రాగానే, మరీ పొద్దుపోతే తెల్లారి, మళ్లీ బండి తీసే ముందు గన్ కొట్టాల్సిందే. గ్రీజు పెట్టడానికి కాదు, నీళ్లు బయటికి తోయడానికి. రోజూ దాటితే రోజూ కొట్టు. ఆరు నిప్పళ్లకు పావుగంట పడుతుంది.

2023 జూలై చివర్లో ఏం జరిగిందో నీకు నేను చెప్పాలా? లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది, మోరంచ వాగు మోరంచపల్లి మీద పడింది. ఆ తర్వాత మా దగ్గరికి నీళ్లలో నానిన బండ్లు వరసగా వచ్చాయి. అందరూ ఇంజిన్, సెల్ఫ్, వైరింగ్ చూసుకున్నారు. స్టార్టయింది కదా అని తీసుకుపోయారు. షాఫ్ట్‌లు, ఇరుసులు ఎవరికీ గుర్తు రాలేదు. దసరా నాటికి అవే బండ్లు కీచుమంటూ తిరిగొచ్చాయి. కప్పులు ఊడదీస్తే గ్రీజు లేదు, రోలర్ల చోట ఎర్ర పొడి. వెంటనే గన్ కొట్టుకున్న ఇద్దరు ముగ్గురివి మాత్రం ఆ క్రాస్‌లతోనే ఇంకా నడుస్తున్నాయి. నీళ్లలో మునిగిన బండికి డిఫరెన్షియల్ ఆయిల్ కూడా చూసుకో. తెల్లగా, మజ్జిగ లాగా ఉంటే నీళ్లు చేరినట్టే, మార్చాలి. ఇరుసు మీద చిన్న గాలి గొట్టం ఉంటుంది, బ్రీదర్ అంటారు. మన రేగడి బురద దాన్ని మూసేస్తుంది. అది మూసుకుపోతే ఇరుసు కూడా జాయింట్ లాగానే సీళ్ల పక్క నుంచి నీళ్లు తాగుతుంది.

వాటర్ సర్వీసింగ్ చేయించేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ముందు గ్రీజు కొట్టి తర్వాత కడుగుతారు, లేదా కడిగి ఊరుకుంటారు. ఆ పైపు నీళ్లు నేరుగా కప్పు సీల్ మీద పడితే వాగు కంటే గట్టిగా లోపలికి దూరతాయి. కడిగాకే గ్రీజు. అదీ నీ కళ్ల ముందు. రెండు దెబ్బలు కొట్టి, పైన కాస్త పూసి, అయిందనే కుర్రాళ్లను చాలామందిని చూశాను.

ఆరు నిప్పళ్లన్నాను కదా, లెక్క ఇదీ. వెనక షాఫ్ట్‌కు రెండు క్రాస్‌లు, ఒక స్లిప్. ముందు షాఫ్ట్‌కూ అంతే. నీ బండికి వెనక షాఫ్ట్ రెండు ముక్కలైతే ఇంకో క్రాస్ ఉంటుంది. మధ్య బేరింగ్‌కు నిప్పల్ ఉందో లేదో చూడు. కొన్ని బండ్లకు ముందు షాఫ్ట్‌లో బాక్స్ వైపు జంట క్రాస్‌లుంటాయి, వాటి నడుమ గుండు బేరింగ్‌కు లోపలికి నొక్కుకుపోయిన చిన్న నిప్పల్ ఉంటుంది. దానికి మామూలు గన్ నోరు అందదు, సూది నోరు పెట్టాలి. అది అందక ఏళ్ల తరబడి వదిలేసినవే ఎక్కువ. ఒక్కసారి అన్నీ వెతికి పక్కన తెల్ల చుక్క పెట్టుకో. నిప్పల్ ఊడిపోయి రంధ్రం బురదతో నిండిన చోటు కూడా ఒకటైనా దొరుకుతుందని నా అనుమానం.

ముందు షాఫ్ట్‌ను అసలు మరిచిపోతారు. టూ వీల్‌లోనే నడుపుతున్నాం కదా, దానికేం అరుగుదల అంటారు. ముందు చక్రాలను ఇరుసుకు కలిపే హబ్‌లు విడిపించి పెడితే ఆ షాఫ్ట్ తిరగదు, నిజమే. కానీ వాగు నీళ్లకు ఆ సంగతి తెలియదు కదా. కదలకుండా ఉన్న జాయింట్‌లో తడి ఒకే చోట కూర్చుని తుప్పు పట్టిస్తుంది. తీరా బురదలో దిగబడి ఫోర్ వీల్ వేసిన రోజున అది కటకటమంటుంది. నెలకోసారి మట్టి బాట మీద రెండు మూడు కిలోమీటర్లు ఫోర్ వీల్ వేసి నడుపు. తారు రోడ్డు మీద మాత్రం వద్దు. మీ లాంటి పాత బండ్లలో ఫోర్ వీల్ వేస్తే ముందూ వెనకా షాఫ్ట్‌లు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. మట్టిలోనైతే టైరు జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు, మెలి అంతా ఈ క్రాస్‌ల మీదే పడుతుంది.

రెండో మెకానిక్ చెప్పిన నిప్పల్ లేని క్రాస్‌లు చెడ్డవని నేను అనను. లోపల రంధ్రాలు తొలచరు కాబట్టి ఇనుము కాస్త గట్టిగా ఉంటుంది, సీళ్లు కూడా బిగువుగా ఉంటాయి. హన్మకొండలో ఉద్యోగానికి పోయి వచ్చే కారుకు అవే వేయిస్తాను. వాగులో దిగే బండికి వేయించను. అందులోకి ఒకసారి నీళ్లు పోతే తోసేసే దారి లేదు. నువ్వు గన్ కొనుక్కుని బండి కిందికి దూరే మనిషివి, నీకు నిప్పల్ ఉన్నదే సరి. గన్ అటక మీద పారేసేవాడికైతే రెండో ఆయన మాటే రైటు.

కొత్తవి వేయించేటప్పుడు పక్కనే నిలబడు. కప్పును సుత్తితో బాదుతుంటే ఆపు. లోపలి రోలర్లలో ఒక్కటి అడ్డం పడినా కప్పు పూర్తిగా కూర్చోదు, కప్పు ఊడకుండా ఆపే సర్‌క్లిప్ గాడిలోకి పోదు, అయినా బలవంతంగా దిగ్గొడతారు. వైస్‌లో పెట్టి మెల్లగా నొక్కించు. వరంగల్ ఆటోనగర్‌లో ప్రెస్ ఉన్న చోటికి పట్టుకుపోయినా మంచిదే. బిగించాక జాయింట్ చేత్తో నాలుగు వైపులా సాఫీగా ఊగాలి. నిప్పళ్లు అన్నీ ఒకే వైపుకు వచ్చేలా బిగించమని చెప్పు. ఒక్కసారి కిందికి దూరితే బండి తోయకుండానే అన్నీ అందుతాయి. ఈ ఒక్క మాటకు నువ్వు రేపు వానాకాలంలో నన్ను తలుచుకుంటావు.

ఒక్క హెచ్చరిక మిగిలింది. చేతి గన్ చూడటానికి బొమ్మలా ఉంటుంది కానీ దాని నోట్లో ఒత్తిడి చాలా ఎక్కువ. గ్రీజు వస్తోందా లేదా అని వేలు అడ్డం పెట్టి చూడకు, సూది నోరు పెట్టినప్పుడైతే అసలే వద్దు. చర్మంలోకి గ్రీజు దూసుకుపోతే పైకి చీమ కుట్టినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. లోపల మాత్రం వేలు పోయేంత పని జరుగుతుంది. అలా అయితే పసుపు అద్ది ఊరుకోకుండా అదే గంటలో పెద్దాసుపత్రికి పోయి, గన్‌తో గ్రీజు లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

ఇక నీ బండికి: ఈ ఆదివారం నాలుగో కప్పు దగ్గర కడ్డీతో ప్రయత్నించు. చాయ్ రంగు వస్తే వారానికోసారి కొడుతూ నెల చూద్దాం. ఎర్ర పొడి వచ్చినా, అసలు ఏమీ రాకపోయినా వెనక షాఫ్ట్ రెండు క్రాస్‌లూ కలిపి మార్పించు. ఒకటి పోయిందంటే అదే నీళ్లు తాగిన రెండోది ఎంతో దూరంలో లేదు. మిర్చి కోతలు మొదలయ్యేలోపు ఆ పని అయిపోవాలి. ఏ రంగు వచ్చిందో మాత్రం నాకు రాయి.